ఏటేటా ఓడే చిట్టిమల్లు: కథ వీడియో గేమ్‌గా మారేటప్పుడు

(దాచేపల్లిలో చేసిన స్మారకోపన్యాసం, ముద్రణ కోసం కొద్దిగా సవరించిన పాఠం)



తెలుగు మాస్టారి జ్ఞాపకార్థం జరిగే సభలో వీడియో గేముల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించి ఒప్పుకున్నారు. తటపటాయించడం సబబే. పిల్లవాడు ఫోన్లో తల దూర్చాడంటే పుస్తకానికి దూరమయ్యాడనే మనం లెక్క వేసుకుంటాం. కానీ మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లు ఒక సంగతి చెబుతారు. భేతాళ కథ చెప్పేటప్పుడు ఆయన ప్రశ్న దగ్గర ఆపేసేవారట. జవాబు మీరు చెప్పండర్రా అని, చాలాసేపు మాట్లాడకుండా కూచునేవారట. అంటే వినే పిల్లవాణ్ణి లేపి విక్రమార్కుడి స్థానంలో నిలబెట్టేవారు. గేమ్ చేసే మొదటి పని కూడా అదే. కనుక ఈ విషయం ఆయన పేరుకు పరాయిది కాదు.

ఇక నేను చెప్పదలచుకున్నది. పదిమందికీ తెలిసిన అద్భుత కథనో సైన్స్ ఫిక్షన్ కథనో గేమ్‌గా చేసేటప్పుడు చాలామంది పాత్రల రూపాలు, ఆయుధాలు, కోటలు తెచ్చుకుంటే పనైపోయిందనుకుంటారు. అసలు పని అక్కడ లేదు. ఆటగాడి చెయ్యి కథలో ఎంతవరకు పోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న హద్దు గీయడంలో ఉంది. ఆ హద్దు ఎలా గీయాలో మన పల్నాడుకు చాలాకాలంగా తెలుసు. అక్కడికి వచ్చేముందు కొంచెం దూరం తిరిగి వద్దాం.

రెండు పాత ఉదాహరణలు

1982లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ఈ.టీ. సినిమా లోకమంతా ఆడింది. ఆ క్రిస్మస్‌కే గేమ్ కూడా అమ్మాలని అటారి కంపెనీ తొందరపడింది. హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్‌కు దొరికిన గడువు సుమారు ఐదు వారాలు. ఆయన చేతకానివాడు కాదు, అంతకుముందు మంచి గేములు చేసినవాడే. కానీ ఈ గేమ్‌లో ఆటగాడు గ్రహాంతరవాసిని నడిపిస్తూ, ఫోను ముక్కలు వెతుక్కుంటూ, మాటిమాటికీ గుంటల్లో పడుతుంటాడు. సినిమాకు ప్రాణం పోసింది ఒక పిల్లవాడికీ ఆ వింత జీవికీ మధ్య స్నేహం. ఆట చేతికి ఇచ్చింది గుంటలు. అమ్ముడుపోని క్యాసెట్లను మరికొన్ని సరుకులతో కలిపి 1983లో న్యూ మెక్సికోలోని అలమొగార్డో దగ్గర పూడ్చిపెట్టారు. 2014లో తవ్వి చూస్తే అవి నిజంగానే బయటపడ్డాయి.

ఈ.టీ. గేమ్ వచ్చిన రెండేళ్లకు, 1984లో, ఇన్ఫోకామ్ అనే కంపెనీ డగ్లస్ ఆడమ్స్ హాస్య వైజ్ఞానిక కథ 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ'ని గేమ్‌గా తెచ్చింది. అందులో ఒక్క బొమ్మ లేదు, అంతా అక్షరాలే. ఆటగాడు ఒక ఆజ్ఞ టైపు చేస్తే గేమ్ ఒక వాక్యంతో జవాబిస్తుంది. ఆడమ్స్ స్వయంగా స్టీవ్ మెరెట్‌జ్కీతో కలిసి కూచుని దాన్ని రాశాడు. పుస్తకంలోని హాస్యమంతా కథకుడి గొంతులో ఉంటుంది. గేమ్‌లో ఆ గొంతే ఆటగాడితో పేచీకి దిగుతుంది, అబద్ధాలు చెబుతుంది, ఏడిపిస్తుంది. బొమ్మలున్న ఈ.టీ. కథను జారవిడిస్తే, బొమ్మల్లేని ఈ గేమ్ పట్టుకుంది. ఆడమ్స్ తన కథ ఎక్కడ నవ్విస్తుందో చూసి, ఆటగాణ్ణి తెచ్చి సరిగ్గా ఆ చోట నిలబెట్టాడు.

మన కథల్లో ఉన్న షరతులు

ఇప్పుడు మన అలమర తెరుద్దాం. భేతాళ కథ సంగతే చూడండి. విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు. దారిలో మాట్లాడకూడదు. శవంలోని భేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. పిల్లలు 'లెవెల్ పోయింది, మళ్లీ మొదటికొచ్చింది' అంటారే, అదే ఇది. మళ్లీ మొదలుపెట్టడమన్నది గేముల కోసం బయటి నుంచి తెచ్చి అతికించనక్కర్లేదు, కథలోనే ఉంది. పైగా సరైన జవాబు చెప్పినందుకే వెనక్కి పోవాల్సి రావడం ఏ డిజైనరూ అంత సులువుగా ఊహించలేని మెలిక.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీ మజిలీ కథలు' కూడా అలాంటి కట్టడమే. మణిసిద్ధుడనే యాత్రికుడు కాశీకి పోతూ ఒక పశువుల కాపరి కుర్రవాణ్ణి తోడు తీసుకెళ్తాడు. అడిగిందానికి కథ చెప్పాలన్న షరతు మీదే ఆ కుర్రవాడు బయల్దేరతాడు. మజిలీ దిగగానే ఊళ్లోకి వెళ్లి ఏదో వింత చూసి వస్తాడు. ఆ వింత ఏమిటో తెలియాలంటే కథ వినాలి, కథ అయ్యాక తర్వాతి మజిలీకి నడవాలి. మజిలీ, వింత, కథ, నడక: ఈ వరస ఉన్న పుస్తకాన్ని గేమ్ తయారుచేసేవాడి చేతిలో పెడితే సగం పని అయిపోయిందని సంతోషిస్తాడు.

ఈ కథల్లోంచే పుట్టింది 1951 నాటి విజయావారి 'పాతాళ భైరవి'. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, ఎన్.టి.రామారావు తోటరాముడు, ఎస్.వి.రంగారావు నేపాళ మాంత్రికుడు. దాన్ని గేమ్‌గా చేయబోతే మొదటి చిక్కు పాతాళ భైరవి బొమ్మతోనే వస్తుంది. కోరిందల్లా ఇచ్చే ప్రతిమ చేతికొచ్చాక ఆటగాడికి ఇక ఆడడానికేముంది? మేడ కావాలంటే మేడ, డబ్బు కావాలంటే డబ్బు. పింగళివారికీ ఈ చిక్కు తెలుసు. అందుకే బొమ్మను రాముడి చేతిలో ఎక్కువసేపు ఉంచలేదు, అది మాంత్రికుడి పాలవుతుంది. వరం ఎంత పెద్దదో దాన్ని పోగొట్టుకునే వీలు అంత దగ్గరగా పెట్టారు.

సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369' హెచ్.జి.వెల్స్ టైమ్ మెషిన్ నుంచి స్ఫూర్తి పొందింది. అందులోనూ ఇదే తెలివి ఉంది. యంత్రం మనుషుల్ని 1526కు, కృష్ణదేవరాయల కొలువుకు తీసుకుపోతుంది. తర్వాత 2504కు విసిరేస్తుంది. మీట నొక్కగానే ఇంటికి చేర్చే యంత్రమైతే కథ అరగంటలో అయిపోయేది. యంత్రం మొరాయించడం వల్లే కథ నడిచింది. 1957 నాటి 'మాయాబజార్'లో సత్యపీఠం ఉంది. దాని మీద నిలబడ్డవాడు మనసులో మాట కక్కేయాల్సిందే. అబద్ధం మీదే బతికే శకుని దాన్ని ఎక్కడం ఎంత చక్కటి ఎత్తో చూడండి. మంచి అద్భుత కథ ఏదైనా ముందు శక్తినిస్తుంది, వెంటనే ఆ శక్తికి ఒక షరతు పెడుతుంది. గేమ్ చేయబోయేవాడు కథలో మొదట వెతకాల్సింది ఈ షరతునే.

చందమామలో ఏళ్ల తరబడి 'తోకచుక్క', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ' వంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం మన గుంటూరు ప్రాంతంవాడే. ఆ సీరియల్స్‌లో ప్రతి నెలా భాగం ఒక గండం దగ్గర ఆగేది. నెలరోజులు పిల్లలు వీధరుగుల మీద కూచుని నాయకుడు ఎలా తప్పించుకోవాలో వాదించుకునేవారు. కాగితం మీద అచ్చయిన కథను పాఠకులు అప్పుడే ఆడుకున్నారు.

మనవాళ్లు చేసిన ప్రయత్నాలు

2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది. సోనీ విడుదల చేసింది. పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి ప్లేస్టేషన్ గేమ్‌గా దానికి పేరుంది. తెలుగు నేల మీద ఆ పని జరగడం చిన్న విషయం కాదు. అయితే విదేశాల్లోని కొందరు హిందూ ప్రముఖులు అభ్యంతరం చెప్పారు. దేవుణ్ణి కంట్రోలర్‌తో ఆడించడమేమిటన్నది వాళ్ల ప్రశ్న.

తోలుబొమ్మలాటలో హనుమంతుణ్ణి ఆడించేదీ మనిషి చెయ్యే కదా అని మనం అడగవచ్చు. నిజమే. కానీ బొమ్మలాటవాడికి కథ మొదటి నుంచీ చివరిదాకా తెలుసు. అతని చేతిలో హనుమంతుడు లంకకు చేరక మానడు. గేమ్ ఆడే పిల్లవాడికి చెయ్యి తడబడితే హనుమంతుడు దూకబోయి పడతాడు, చస్తాడు, మళ్లీ లేస్తాడు. ఇబ్బంది పెట్టింది ఆ పడిపోవడం. ఓటమి ఎరగని పాత్రను తడబడే చేతికి అప్పగించడం వల్ల వచ్చిన చిక్కు అది.

దీనికి వేరేచోట్ల దొరికిన పరిష్కారం గమనించదగ్గది. 2024 ఆగస్టులో చైనా నుంచి వచ్చిన 'బ్లాక్ మిత్: వుకాంగ్' వాళ్ల వానర వీరుడు సున్ వుకాంగ్ కథ మీద కట్టిందే. అయినా ఆటగాడు నడిపించేది వుకాంగ్‌ను కాదు. అతని తర్వాత, అతని అవశేషాలు వెతుకుతూ బయల్దేరే వేరే కోతిని. 2020లో పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ చేసిన 'రాజీ' కూడా అంతే. అందులో ఆటగాడి చేతిలో ఉన్నది తమ్ముణ్ణి వెతుక్కునే మామూలు ఆడపిల్ల. దేవతలు పైనుంచి ఆమె కథ చెబుతుంటారు, తోడు నిలుస్తారు. రెండు చోట్లా దేవుడు దేవుడిగానే ఉన్నాడు. తడబడే పాత్ర ఆటగాడి వంతుకు వచ్చింది.

బాహుబలి రెండో భాగం వచ్చిన 2017లోనే బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ 'బాహుబలి: ది గేమ్' తెచ్చింది. కోట కట్టుకోవడం, సైన్యం పెంచడం, కాలకేయుల్ని తరమడం దాని పద్ధతి. మొబైల్లో అప్పటికే అందరికీ అలవాటైన ఆట తీరుకు మాహిష్మతి వేషం కట్టారు. వేషం బాగుంది. కానీ దేశమంతా రెండేళ్లు అడిగిన ప్రశ్న కోట గోడల గురించి కాదు, కట్టప్ప కత్తి గురించి. సింహాసనానికి బానిసగా ఇచ్చిన మాటకు కట్టుబడి, ప్రేమించినవాణ్ణే పొడవాల్సి రావడం ఆ కథలోని షరతు. ఆటగాడి ముందు ఆ మాట పెట్టి, దాటగలవా అని అడిగిన గేమ్ ఇంకా రావాలి.

కారెంపూడిలో ఏం జరుగుతుంది

ఇక మన ఇంటికొద్దాం. మన ఊరి పక్కన పారే నాగులేరు కారెంపూడి మీదుగా వచ్చిందే. 12వ శతాబ్దంలో పల్నాటి వీరులు ఆ ఏటి ఒడ్డునే పోరాడారని మన నమ్మకం. కోడిపందెం, ఓడినవాళ్లకు ఏడేళ్ల వలస, రాయబారానికి పోయిన అలరాజు హత్య, ఆ తర్వాత యుద్ధం. శ్రీనాథుడి పేర ఉన్న కావ్యం దీని మీదే. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చువేయించారు. అలిసెట్టి గాలెయ్య పాడిన వీరగాథను జీన్ రోఘైర్ ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో ప్రచురించాడు. 1947లో ఒకసారి, 1966లో మరోసారి సినిమా వచ్చింది. గేమ్ చేయాలని ఈ కాలం పిల్లలకు అనిపించడంలో వింతేమీ లేదు.

అనిపించగానే తోచేది ఒకటే: మాచర్ల వైపు బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లును మన చేతికిచ్చి, గురజాల వైపు నాగమ్మ కోడి శివంగిడేగ మీద గెలిపించమనడం. సంక్రాంతి బరుల దగ్గర డేగ, కాకి, నెమలి అని రంగులు చెప్పుకుంటూ పెరిగిన పిల్లలకు ఇది నోరూరించే గేమే. కానీ చిట్టిమల్లు గెలిస్తే వలస లేదు, అలరాజు చావడు, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు కత్తి పట్టడు. కథే మిగలదు. పోనీ ఎంత బాగా ఆడినా ఓడిపోయేలా చేస్తే, గేమ్ మోసం చేసిందని పిల్లవాడు ఫోను విసిరికొడతాడు. ఈ మెలిక దగ్గరే చాలా గేములు కూలిపోతాయి.

కారెంపూడి వీరారాధన ఉత్సవాలు ఈ మెలికను ఏనాడో విప్పాయి. కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పల్నాటి వీరుల్ని కొలిచే వీరాచారవంతులు వాళ్లవాళ్ల వీరుల కొణతాలు, అంటే ఆయుధాలు, పట్టుకుని తరలివస్తారు. వీర విద్యావంతులు పాడతారు. కోడిపోరు నాడు చిట్టిమల్లు మళ్లీ దిగుతుంది, మళ్లీ ఓడుతుంది. వచ్చిన వేలమందిలో ఏ ఒక్కరూ ఈసారైనా గెలుస్తుందేమోనని రారు. అయినా ఎవరూ వట్టి ప్రేక్షకులు కారు. కొణతం మోసేవాడికి మోయడం ఉంది, పాడేవాడికి పాడడం ఉంది, మొక్కు ఉన్నవాడికి మొక్కు ఉంది. ఫలితం ఎవరి చేతిలోనూ లేదు. పాత్ర మాత్రం అందరి చేతిలోనూ ఉంది. నేను మొదట చెప్పిన హద్దు ఇదే.

దీన్ని గేమ్‌లోకి ఎలా తేవచ్చు? ఆటగాడు బాలచంద్రుడు కానక్కర్లేదు, బ్రహ్మనాయుడు అసలే కానక్కర్లేదు. మాచర్లకూ గురజాలకూ మధ్య కబురు మోసే మనిషి కావచ్చు. పందెం ఫలితం అతని చేతిలో లేదు. కానీ ఆ ఏడేళ్ల వలస ఉందే, అందులో ఎంత ఆట ఉందో చూడండి. పశువులతో, ముసలివాళ్లతో, చంటిపిల్లలతో ఒక జనం ఊళ్లు విడిచి పోతోంది. గింజలు ఎన్నాళ్లొస్తాయి, నీళ్లెక్కడ, ఎవరు అలిగారు, ఎవరు మధ్యలో వెనక్కి పోదామంటున్నారు? ఇవన్నీ ఆటగాడు తేల్చుకోవాల్సినవే. బ్రహ్మనాయుడి చాపకూడు ఉంది. అన్ని కులాలవాళ్లూ ఒక్క చాప మీద కూచుని తినాలన్నది నియమం. కూచోనన్నవాణ్ణి ఏం చేయాలి? బతిమాలాలా, వదిలేయాలా, గింజలు ఆపాలా? ఒక్కో నిర్ణయానికి ఒక్కో ధర. మాల కన్నమదాసును కొడుకుగా చేసుకుని సేనాపతిని చేసిన కథ ఇది. ఆ ధర ఎంతో ఆటలో తెలియాలి.

రెండో వైపు నుంచీ ఆడించవచ్చు. నాయకురాలు నాగమ్మ పెరిగిన జిట్టగామాలపాడు మన మండలంలోని గామాలపాడేనని ఇక్కడ చెప్పుకుంటారు. పాటల్లో ఆమె కుట్రదారు. కానీ ఆ కాలంలో ఒక స్త్రీ మంత్రి పదవిలో కూచుని, మగవాళ్ల కొలువును చెప్పుచేతల్లో పెట్టుకుని, యుద్ధం నడపడమంటే ఎన్ని ఎత్తులు వేసి ఉండాలి! ఆమె పక్కన ఉన్న లేఖకుడి పాత్ర ఆటగాడికిస్తే, తీర్పు చెప్పే తొందర కాస్త తగ్గుతుంది.

గెలుపు లేని ఆటను ఎవరాడతారని అడగవచ్చు. హార్లన్ ఎల్లిసన్ 1967లో రాసిన ఒక భయానక వైజ్ఞానిక కథలో, మనుషుల్ని బంధించి హింసించే కంప్యూటర్ ఉంటుంది. 1995లో అది గేమ్‌గా వచ్చినప్పుడు ఆయన స్వయంగా పనిచేశాడు, ఆ కంప్యూటర్‌కు గొంతు కూడా తనే ఇచ్చాడు. ఆ గేమ్‌లో ఆటగాడు తేల్చుకోవాల్సింది ఐదుగురు బందీలూ తమ పాత తప్పుల్ని ఎలా ఎదుర్కొంటారన్నది. దాన్ని ఈనాటికీ ఆడుతున్నారు. మనిషి గెలుపు కోసమే ఆడడు. తన వంతు సరిగ్గా నిలబెట్టుకున్నానా అని చూసుకోవడానికీ ఆడతాడు.

పాట ఎవరిది, పైకం ఎవరిది

ఇంకో మాట చెప్పకపోతే ఈ ఉపన్యాసం సగమే అవుతుంది. పోలండ్ రచయిత ఆంద్రే సప్‌కోవ్‌స్కీ తన 'విచర్' కథల గేమ్ హక్కుల్ని సీడీ ప్రొజెక్ట్ కంపెనీకి ఇచ్చేటప్పుడు వాటా వద్దన్నాడు, ఒక్కసారిగా సొమ్ము పుచ్చుకున్నాడు. గేములు ఆడతాయన్న నమ్మకం ఆయనకు లేకపోయింది. 2007లో మొదటిది, 2015లో మూడోది వచ్చేసరికి అవి ప్రపంచమంతా ఆడాయి. 2018లో ఆయన 6 కోట్ల జ్లోటీలు అడిగాడు. 2019లో రెండువైపులా కూచుని కొత్త ఒప్పందం రాసుకున్నారు.

చదువుకున్న, పేరున్న రచయితకే ఇలా జరిగితే మన వీర విద్యావంతుల మాటేమిటి? కాశీ మజిలీల మీద హక్కుల గడువు ఎప్పుడో తీరింది, ఎవరైనా వాడుకోవచ్చు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లదాకా హక్కు ఉంటుంది గనుక చందమామ సీరియల్స్ సంగతి వేరు, అడిగి తీసుకోవాల్సిందే. వీరగాథకు కర్త పేరు మీద కాగితం లేదు. అంతమాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు. పాటను తరతరాలుగా గొంతులో మోసినవాళ్లున్నారు. కారెంపూడికి వచ్చి ఫోన్లో రికార్డు చేసుకుపోయి, రేపు దాన్ని గేమ్‌కు నేపథ్య సంగీతంగా అమ్ముకునేవాడు వాళ్ల అనుమతి తీసుకోవాలి, గొంతుకు పైకం కట్టాలి, పేరు వేయాలి. ఆచారంలో బయటివాళ్లు తాకకూడనివి ఉంటే వాటి జోలికి పోకూడదు. ఆటగాడి చేతికి హద్దు ఉన్నట్టే గేమ్ చేసేవాడి చేతికీ హద్దు ఉంది.

మీ ముందు పెడుతున్న పని

పిల్లలూ, గేమ్ చేయడానికి పెద్ద కంప్యూటర్ ముందే కావాలనుకోకండి. ఈ పనిలో ఉన్నవాళ్లు కూడా చాలాసార్లు మొదట కాగితం మీదే ఆడి చూసుకుంటారు. ఒక అట్టముక్క తీసుకుని మాచర్ల, గురజాల, కారెంపూడి, దాచేపల్లి, కృష్ణ ఒడ్డు గీయండి. వలస జనానికి గింజలు, పశువులు, మనుషుల మధ్య నమ్మకం: ఈ మూడింటికీ చింతపిక్కలు పెట్టండి. ఒక్కో పావు ఒక్కో కుటుంబం. పందెం ఫలితాన్ని మార్చకండి, మిగతాదంతా మీ ఇష్టం. నియమాలు రాయండి, ఆడండి, చెడిపోయిన చోట మార్చండి. ఈ గడిలోకి వచ్చినవాడు ఇలాగే ఎందుకు చేయాలని ఎదుటివాడు అడిగితే, కథ తెలిసిన మీ నాయనమ్మను అడిగి జవాబు తెచ్చుకోండి.

ఆట సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చెబుతాను. పల్నాటి కథ ఏమాత్రం తెలియని మీ హైదరాబాద్ మేనత్త కొడుకును పిలిచి ఆడించండి. ఆట అయ్యాక ఎవరు గెలిచారని కాకుండా, అంత తెలిసినవాడు బ్రహ్మనాయుడు అలాంటి పందేనికి ఎందుకు ఒప్పుకున్నాడు అని వాడు అడిగితే, మీరు కథను ఆటగా మలచగలిగినట్టే. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం వాడికి చెప్పకండి.